కైట్‌బోర్డింగ్‌కి వెళ్తున్నారా? నీళ్లలో దిగేముందు ఇవి చూసుకోండి

కైట్‌బోర్డింగ్ అంటే పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే బోర్డు మీద నీళ్లపై జారిపోయే ఆట. హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ చేశాం, గాలి సంగతి మాకు తెలుసులే అనుకుని హైదరాబాద్ నుంచి నేరుగా రామేశ్వరం వెళ్లి కైట్ లేపేయకండి, ముందు ట్రైనర్ దగ్గర నేర్చుకోండి.

గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంటే ఆ రోజు దిగొద్దు, ఏ చిన్న తేడా వచ్చినా లోపలికి కొట్టుకుపోతారు. ఉరుము వినిపించినా అంతే.

క్విక్ రిలీజ్‌ని, అంటే కైట్ లాగుడు నుంచి మిమ్మల్ని వెంటనే విడిపించేదాన్ని, ఒడ్డునే రెండుమూడుసార్లు వదిలి చూడండి, ఇసుక ఇరుక్కుంటే అది బిగుసుకుపోతుంది, కైట్ ఈడ్చుకెళ్తున్నప్పుడు వెతుక్కోకుండా చెయ్యి దాని మీదికే పోవాలి. తాళ్లు మామూలుగా 20-25 మీటర్ల దాకా ఉంటాయి కాబట్టి గాలి పోయే వైపు జనం, రాళ్లు, కరెంటు తీగలు ఉంటే లాంచ్ వద్దు. బిగిసిన తాడు చేత్తో పట్టుకోవద్దు, సంక్రాంతి మాంజాకి తెగిన వేళ్లు గుర్తున్నాయిగా, ఇది ఇంకా ఘోరం.

హెల్మెట్, ఇంపాక్ట్ వెస్ట్ (ఒంటికి దెబ్బ తగలకుండా వేసుకునే మెత్తటి జాకెట్), తాడు కోసే కత్తి తప్పనిసరి. ఒంటరిగా అస్సలు దిగొద్దు.