ఎండలు ముదరకముందే మిద్దె మీది మిరపకు జాగ్రత్తలు

శివరాత్రి దాటిందంటే కర్నూలు, అనంతపురం, కడప వైపు ఎండ మొదలైనట్టే. ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు మామూలు. ఆకు వాడిందని అందరూ పైకే చూస్తారు గానీ, కుండీలో మిరపకు ముందు దెబ్బ తగిలేది వేరుకు.

నల్లటి కడప బండ మీద మధ్యాహ్నం రెండింటికి చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. కుండీని నేరుగా దాని మీద పెడితే అడుగు వేర్లు ఉడికిపోతాయి. ప్రతి కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి గాలి ఆడనివ్వండి. కుండీలను దగ్గరికి జరిపి, పడమటి వరసకు గోనెపట్ట చుట్టండి. 12 అంగుళాల కంటే చిన్న కుండీలో ఉన్న మొక్కను ఫిబ్రవరిలోనే పెద్దదానికి మార్చేయాలి. ఏప్రిల్‌లో వేరు కదిపితే కోలుకోవడం కష్టం. మట్టికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి చాలు. ఒట్టి నల్లరేగడి నింపొద్దు. తడిస్తే నీళ్లు దిగవు, ఎండితే బీటలిచ్చి వేర్లు తెగుతాయి. పైన రెండంగుళాల మందాన చెనక్కాయ పొట్టు పరచండి, కాండానికి మాత్రం అంగుళం ఎడం ఉంచండి. ఆనుకుంటే మొదలు కుళ్లుతుంది.

నీళ్లు పొద్దున ఏడు లోపే పోయాలి. మధ్యాహ్నం ఆకు వేలాడితే వెంటనే బిందె ఎత్తకండి. వేలు రెండంగుళాలు మట్టిలోకి దించి చూడండి. తడి తగిలితే అది ఎండ దెబ్బే, సాయంత్రానికి తేరుకుంటుంది. అప్పుడే నీళ్లు గుమ్మరిస్తే వేరుకుళ్లు ఖాయం. సాయంత్రం పోయక తప్పకపోతే పైపులో కాగిన నీళ్లను ముందు వదిలేయండి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైన ఊళ్లలో కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, ఆకు అంచులు మాడతాయి. పదిహేను రోజులకోసారి అడుగు రంధ్రాల నుంచి ధారగా కారేదాకా మంచినీళ్లు పోసి ఆ ఉప్పు కడిగేయాలి. ఫిల్టర్ మిషన్ వదిలేసే నీళ్లు పోయకండి, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

మార్చి నడిమికల్లా 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్, మొక్క కొసకు రెండడుగుల పైన, పక్కలు తెరిచి కట్టండి. పగలు 35 డిగ్రీలు దాటితే పుప్పొడి పనిచేయక పూత రాలుతుంది. మందులతో ఆగేది కాదు, చల్లబడితే మళ్లీ పూస్తుంది. యూరియా వేశారో, లేత చిగురొచ్చి, ఆకు రసం పీల్చే తామరపురుగును (త్రిప్స్) పిలుస్తుంది.

ఆకు ముడత చూసి మందు నిర్ణయించండి. ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే తామరపురుగు, కిందికి వంగి కాడ సాగితే నల్లి (ఆకు రసం పీల్చే కంటికి ఆనని పురుగు, మంచంలోది కాదు). తామరపురుగుకు నీలం జిగురు అట్టలు కట్టి, లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగున తడిసేలా పొద్దు వాలాకే కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. నల్లికి ఈ కాలంలో ఆకు అడుగున నీళ్లు బలంగా కొట్టడమే మేలు. నల్లికి వాడే గంధకం ఈ వేడికి ఆకును కాలుస్తుంది, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపయితే మరీ ప్రమాదం. ఆకు చిన్నదై, పసుపెక్కి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ తెచ్చిన వైరస్. మందు లేదు. పీకి, సంచిలో మూటగట్టి పారేయండి.

కోతప్పుడు చేతులు కాపాడుకోండి. ఈశాన్య రాష్ట్రాల్లో పండే విపరీతమైన ఘాటు మిరప భూత్ జొలోకియా లాంటి రకాలకైతే గ్లౌజులు తప్పనిసరి. ఘాటు చాలావరకు గింజలు అంటిపెట్టుకునే తెల్లటి ఈనెలో ఉంటుంది. ఆ ఘాటు నీళ్లకు కరగదు. చేయి మండితే ముందు వంటనూనె రాసి రుద్ది, తర్వాత సబ్బుతో కడగండి. ఆ చేత్తో కన్ను నలపొద్దు, పసిపిల్లల్ని ఎత్తుకోవద్దు. ఎర్రకారం నూరాక మిక్సీ మూతను అయిదు నిమిషాలు ఆగి, మొహం పక్కకు తిప్పి తీయండి.