ఎలుకలకు భయపడి ఇంజన్‌లో మూటలు పెట్టకండి

మొన్న మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అప్పుడే వచ్చి ఆగిన ఒక కారు బానెట్ సందుల్లోంచి పొగ లేచింది. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికి అందే దూరంలో ఉండబట్టి సరిపోయింది. చల్లారాక చూస్తే వైర్లు బాగానే ఉన్నాయి, ఎలుక చేసిందేమీ లేదు. ఎలుకలు రాకూడదని ఓనరు కట్టిపెట్టిన కలరా ఉండల మూట జారి ఎగ్జాస్ట్ మీద పడి గుడ్డ అంటుకుంది. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే.

చలి మొదలైతే ఎలుకలు వెచ్చటి చోటు వెతుక్కుంటాయి. కార్లో తినేవి వదలొద్దు, చుట్టుపక్కల చెత్త ఉంచొద్దు లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: బానెట్ కింద వదులుగా ఏదీ పెట్టకండి. కలరా ఉండలు, పొగాకు ఆకులు, కర్పూరం, పుదీనా నూనెలో ముంచిన దూది, ఏదైనా సరే.

పెట్టిన రోజు అది కుదురుగానే ఉంటుంది. కారు నాలుగు గతుకులు ఎక్కి దిగాక ఎటు జారుతుందో ఎవరూ చెప్పలేరు. ఒక పక్క బెల్టు, ఒక పక్క ఫ్యాను, కింద ఎగ్జాస్ట్. నడుస్తున్న కార్లో ఎగ్జాస్ట్ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడి 400 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఎండిన ఆకుకీ దూదికీ అంత అక్కర్లేదు కూడా.

పోనీ జారలేదనుకుందాం. ఘాటు కొన్నాళ్లకు పోతుంది, దూది మాత్రం మిగులుతుంది. గూడు కట్టుకోవడానికి ఎలుక వెతికేది సరిగ్గా అదే. మీరు కాపలా పెట్టింది దానికి పరుపవుతుంది. కలరా ఉండలతో ఇంకో చిక్కు. ఏసీ బయటి గాలిని పీల్చేది ముందు అద్దం అడుగు నుంచే, అంటే బానెట్‌ను ఆనుకునే. ఆ ఆవిరి నేరుగా లోపల కూర్చున్నవాళ్ల ముక్కుల్లోకి పోతుంది. పసిపిల్లలకు, జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లకు దానివల్ల ఎర్ర రక్తకణాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

మరి ఏం చేయాలి?

దారులు మూయండి. చిట్టెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు, పెన్సిల్ పట్టిందంటే అదీ దూరుతుంది. ఏసీ గాలి పీల్చే చోట సన్నకన్నాల ఇనుప మెష్‌ను స్క్రూలతో బిగించండి. కారు ఆపేటప్పుడు, లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ బటన్ నొక్కితే చాలా కార్లలో లోపలి మూత పడి ఆ దారి చాలావరకు మూసుకుంటుంది. పైసా ఖర్చు లేని ఈ పని ఎవరూ చేయరు.

వైర్ల సంగతి. ఎలుక పళ్లు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అరగదీసుకోవడానికి కొరుకుతుంది, ఆకలి ఒక్కటే కారణం కాదు. మిరప ఘాటు పట్టించిన టేపు దొరుకుతుంది, వైర్లకు బిగుతుగా చుట్టొచ్చు, చివర వేలాడకూడదు. మామూలు టేపు ఎగ్జాస్ట్ దగ్గర కరిగిపోతుంది.

తాళం వేసే గరాజ్ అయితే బానెట్ ఎత్తి ఉంచండి, ఓ లైటు వేయండి. చీకటి, మూసిన చోటు లేకపోతే గూడు కట్టడం తగ్గుతుంది. బోను మాత్రం బయటే, గోడ వెంబడి. ఎలుకలు నడిచేది అటే. ఇంజన్ లోపల బోను పెట్టినవాళ్లనూ చూశాను, అదీ వదులుగా పెట్టిన వస్తువే.

ఇక మిగతావి:

రోజూ తీస్తున్నాం కదా, రావులే అనుకోవద్దు. అప్పుడే ఆపిన ఇంజన్ వెచ్చదనానికే అవి ఎక్కుతాయి.

కిరోసిన్, డీజిల్ చల్లొద్దు. ఎవరు చెప్పినా చల్లొద్దు.

విషం పెట్టొద్దు. అది తిన్న ఎలుక బ్లోయర్‌లో చచ్చిందంటే డాష్‌బోర్డ్ విప్పాలి. ఆ ఎలుకను పిల్లో కుక్కో తింటే దాని ప్రాణానికీ ముప్పే.

ఇంజన్ గాలి పీల్చే గొట్టంలో స్టీల్ పీచు కుక్కొద్దు.

ఊరెళ్లి వచ్చాక తాళం తిప్పేముందు బానెట్ ఎత్తండి. టార్చ్ వేసి బ్యాటరీ చుట్టూ, ఇంజన్ కవర్ కింద చూడండి. గూడుంటే తీసేదాకా స్టార్ట్ చేయొద్దు.

గూడునీ లద్దెల్నీ పొడిగా ఊడ్చొద్దు, వాక్యూమ్ పెట్టొద్దు. గ్లవ్స్, మాస్కు వేసుకుని క్రిమినాశిని చల్లి, తడిశాక తుడవండి. కనెక్టర్ల మీద పడనివ్వకండి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు హై వోల్టేజ్ కేబుల్ ముట్టుకోవద్దు. కొరికినట్టు కనిపిస్తే అసలే వద్దు.

ఇప్పటికే మూట పెట్టారా? ఈ రాత్రికే తీసేయండి. ఎన్ని పెట్టారో లెక్క సరిపోయేదాకా వెతకండి.

తెగిన వైరుకు మీరే టేపు చుట్టి ప్రయాణానికి దిగొద్దు. అది బ్రేకుల ఏబీఎస్‌దో ఎయిర్‌బ్యాగ్‌దో పైకి చూస్తే తెలియదు.

పెట్రోల్ వాసన వచ్చిందా, స్టార్ట్ చేయొద్దు, కారు పక్కకు తీద్దామని కూడా చేయొద్దు. టోయింగ్ వాళ్లను పిలవండి.