కాగితపు పడవ, మూడో పాఠం: తడవకుండా, ఒరగకుండా

గత పాఠంలో ఏ4 కాగితంతో పడవ మడిచాం. దాన్ని తొట్టిలో వదిలి చూసినవారికి రెండు లోపాలు కనిపించి ఉంటాయి. చిన్న గాలికే పక్కకు ఒరుగుతుంది. కాసేపటికి అడుగు మెత్తబడి చతికిలబడుతుంది.

ముందు తడి సంగతి. పడవను తిరగేసి చూడండి. నడుమ గోపురంలా నిలిచిన భాగం కింది నుంచి బోలుగా ఉంటుంది, అక్కడొక చీలిక కనిపిస్తుంది. తడి ముందుగా ఆ అంచులకే పడుతుంది. కాగితపు నారల సందుల్లోంచి నీరు తనంతట తానే పైకి పాకుతుంది కాబట్టి, అడుగు తడిస్తే గోడలూ మెత్తబడతాయి. ఆ సందులను మైనంతో మూసేయాలి.

మడవక ముందే కాగితానికి రెండువైపులా తెల్ల కొవ్వొత్తిని గట్టిగా రుద్దండి. వెలుతురులో ఏటవాలుగా పట్టి చూస్తే మైనం అంటని చోటు మెరవదు. అక్కడ మళ్లీ రుద్దండి. మడిచేటప్పుడు గీతల వెంట మైనం పగులుతుంది. చాలామంది వదిలేసేది ఇక్కడే. పడవ పూర్తయ్యాక ప్రతి మడత మీదా, చీలిక అంచుల మీదా మరోసారి రుద్ది తీరాలి. కరిగించిన మైనం పోయడం నాకు నచ్చదు. అది ఒకవైపు ముద్దకట్టి పడవను వాల్చేస్తుంది, పైగా పిల్లల చేతులు కాలుతాయి.

కార్తీకంలో దీపం పెట్టి వదిలే అరటి దొప్పకు ఈ పూత అక్కర్లేదు. దాని లోపల గాలి నిండిన గదులుంటాయి.

ఇక ఒరగడం. కాగితం బరువు సుమారు 5 గ్రాములే, అందులోనూ చాలా భాగం పైన గోడల్లో, గోపురంలో ఉంటుంది. అందుకని గోపురానికి అటొకటి, ఇటొకటి పది రూపాయల నాణేలు అడుగుకు ఆనేలా పెట్టండి. ఒక్కోటి 7.71 గ్రాములు. పడవకు మూడింతల బరువా అని వెనకాడకండి. సరుకు దించేసిన ఓడలు కూడా నిలకడ కోసం అడుగు ట్యాంకుల్లో సముద్రపు నీటిని నింపుకుంటాయి. మన పడవ మొత్తం 20 గ్రాములకు కాస్త పైన తూగుతుంది. అన్ని మిల్లీలీటర్ల నీటిని పక్కకు నెట్టేదాకా దిగి, అక్కడ ఆగుతుంది. నాణేలు జారుతుంటే బదులుగా సమాన బరువున్న రెండు బంకమట్టి ఉండలు అద్దండి.

ఇప్పుడు ఒక అంచును వేలితో కొద్దిగా కిందికి నొక్కి వదలండి. వెంటనే నిటారుగా లేస్తే సరే. ఒకవైపే వాలి ఉంటే రెండోవైపు బరువును గోపురానికి కాస్త దూరంగా జరపండి. మైనం పూసిన పడవను చెరువులో వదిలేయకుండా వెనక్కి తీసుకోండి.

వచ్చే పాఠానికి ఖాళీ పండ్లరసం పెట్టె, రబ్బరు బ్యాండు, రెండు ఐస్‌క్రీం పుల్లలు సిద్ధం చేసుకోండి. తెడ్డు చక్రం బిగిద్దాం.