శ్రీకాకుళమా, విజయనగరమా: సంక్రాంతికి వచ్చి తేల్చుకోకండి

హైదరాబాద్ వదిలేసి మన వైపు వచ్చేద్దాం అనుకునేవాళ్ళు నన్ను అడిగేది ఒకటే, శ్రీకాకుళం బాగుంటుందా, విజయనగరం బాగుంటుందా అని. అడిగేది కూడా ఎప్పుడూ జనవరిలోనే, పండక్కి వచ్చి, పొద్దున మంచూ మధ్యాహ్నం లేత ఎండా చూసి. జనవరిలో ఏ ఊరు బాగుండదు చెప్పండి? మీరు రావాల్సింది మే నెలలో, మళ్ళీ అక్టోబరులో.

హైదరాబాద్‌లో ఎండ 40 డిగ్రీలు దాటినా గాలి పొడిగా ఉంటుంది, చెమట ఆరిపోతుంది, కూలర్‌తో వేసవి నెట్టుకొచ్చేయొచ్చు. ఇక్కడ 35కే చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. కూలర్ చల్లబరిచేది నీళ్ళు ఆవిరైతేనే, సముద్రం పక్కన గాలి నిండా ముందే తేమ ఉంటే ఇంక ఆవిరయ్యేదేముంది? అది తెలియక అక్కడి నుంచి లారీలో వేసుకొచ్చిన మా కూలర్ మీద ఇప్పుడు వడియాల పళ్ళెం ఉంటుంది. కాబట్టి ఖర్చు లెక్కలో ఏసీ కరెంటు బిల్లు ముందే రాసుకోండి. ఇల్లు చూసేటప్పుడు తూర్పు, దక్షిణం వైపు కిటికీలున్నాయా, వాటికి అడ్డంగా పక్కింటి గోడ ఉందా చూడండి, ఎందుకంటే మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి తిరిగితేనే ఇక్కడ ప్రాణం లేచొస్తుంది. పడమటి గాలే గట్టిగా వీచిన రోజున ఏ కిటికీ కాపాడదు. మేడ మీద చివరి అంతస్తు అద్దె తక్కువని ఆశపడకండి.

అక్టోబరు సంగతి వేరు. హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. బ్రోకర్‌ని కాదు, వీధి చివర కిరాణా కొట్టాయన్ని అడగండి, అప్పుడు కరెంటు ఎన్ని రోజులు లేదు, నీళ్ళు ఎంతవరకు వచ్చాయి అని. శ్రీకాకుళంలో నాగావళికి దగ్గరగా తీసుకుంటే ఇంకా జాగ్రత్త, ఆ ఏరు పుట్టింది ఒడిశా కొండల్లో, ఊళ్ళో చినుకు పడకపోయినా పైన వాన దంచితే ఇక్కడ ఏరు పొంగుతుంది.

ఇంక రోజువారీ బతుకు. రైలు ప్రయాణాలు ఎక్కువైతే నా ఓటు విజయనగరానికే, స్టేషన్ ఊళ్ళోనే ఉంది, రాయ్‌పూర్ లైను కూడా అక్కడే కలుస్తుంది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, తెల్లవారుజామున దిగితే ఆటో బేరమే పెద్ద పని. ఇంట్లో పెద్దవాళ్ళని తరచూ విశాఖ ఆసుపత్రులకి తిప్పాల్సి ఉంటే, విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 100 పైనే, ఆ తేడా రాత్రిపూట బాగా తెలుస్తుంది. పిల్లలకి సంగీతం మీద మనసుంటే విజయనగరంలో 1919 నాటి సంగీత కళాశాల ఉంది. శ్రీకాకుళానికి ఏరుంది, అరసవల్లి ఉంది, కళింగపట్నం తీరముంది, నాకైతే సాయంత్రాలు అక్కడే ఇష్టం. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి స్థలం అంటగట్టేవాళ్ళ ఫోన్లు మాత్రం ఎత్తకండి.

ముందు ఒక ఏడాది అద్దెకుండండి. మేం మొదట దిగిన ఇంటి ఓనరు నీళ్ళకి లోటే లేదన్నాడు, నిజమే, వానాకాలంలో బీరువా వెనక గోడలోంచి కూడా వచ్చాయి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆ బీరువా జరిపించి చూడండి.