డప్పు తగ్గాలె, నాయినమ్మ గొంతు వినపడాలె

దేవరకొండల మా వాకిట్ల నాయినమ్మ బతుకమ్మ పాట పాడితే ఫోన్ల రికార్డు చేసిన. తెల్లారి తమ్ముడు వేరేగ డప్పు కొట్టిండు. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ల రెండు ట్రాకులు కలిపితే డప్పే వినపడ్డది, ముసలామె మాయం.

అందరు చేసే తప్పే నేనూ చేసిన: గొంతు పెంచిన. దాంతో కోడికూత, గాలి చప్పుడు గూడ పెరిగినయ్. అట్ల గాదు, డప్పు ట్రాకు ఎడమ దిక్కున్న వాల్యూమ్ స్లైడర్‌ను 6 డెసిబెల్స్ కిందికి గుంజుండ్రి. అల ఎత్తు దాదాపు సగమైతది, గొంతు దానంతటదే పైకొస్తది.

"ఉయ్యాలో" దగ్గర ఆమెకు దమ్ము చాలదు, గొంతు సన్నబడ్తది. అక్కడ ఎన్వలప్ టూల్ పట్టాలె, అంటే ట్రాకుల ఒక్కో చోట వాల్యూమ్ పెంచి తగ్గించే పనిముట్టు. ఆ ముక్కకు ముందొక చుక్క, వెనకొక చుక్క పెట్టి, నడుమ ఇంకోటి నొక్కి పైకి గుంజాలె. చుక్కలు మరీ దగ్గరుంటే ఎవరో రేడియో బటన్ గిర్రున తిప్పినట్టుంటది.

సౌండు ఎంతున్నదో చూపే మీటరు 0 ముట్టొద్దు, ముడితే సౌండు పగుల్తది. నేనైతే మైనస్ 3 కాడ ఆపుత. రికార్డింగుల్నే పగిలిన దెబ్బ మాత్రం ఎంత తగ్గించినా పగిలినట్టే మోగుతది. అసొంటియి రెండుంటే, తమ్మునితోని మళ్ల కొట్టిచ్చిన.