గ్యారేజీ పెంచే ముందు: న్యూజెర్సీలో జోనింగ్ బోర్డుకు వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు

ఎడిసన్, ఇస్లిన్, సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్ వైపు పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందికి పెరట్లో ఒక విడి గ్యారేజీ కూడా వస్తుంది. ఇంటికి అంటకుండా, స్థలం మూలకు ఒదిగి, ఒకప్పటి కార్ల కొలతకు కట్టినది. ఇప్పటి ఎస్‌యూవీని లోపల పెడితే డోరు సగమే తెరుచుకుంటుంది. మంచు పడే నెలల్లో రెండో కారు బయటే. దాంతో ‘ఇంకో పదడుగులు పెంచేద్దాం’ అనే మాట మొదలవుతుంది. కాంట్రాక్టరు వచ్చి, చుట్టూ తిరిగి చూసి, నెలలో అయిపోతుందంటాడు. కట్టడం నెలలో అవుతుందేమో. దానికి ముందు టౌన్‌షిప్ జోనింగ్ బోర్డు (ఏ స్థలంలో ఏం, ఎంత కట్టవచ్చనే నిబంధనల నుంచి మినహాయింపులు ఇచ్చే బోర్డు) దగ్గర గడిచే నెలల సంగతి మాత్రం ఆయన ఎత్తడు. ఆ నెలల్లో తొందరపడితే పెట్టిన డబ్బే కాదు, ఉన్న గ్యారేజీ కూడా చేజారవచ్చు.

పాతదాని మీద చెయ్యి వేయకండి

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇదే. పాత గ్యారేజీలు సరిహద్దుకు రెండు మూడు అడుగుల దూరంలోనే ఉంటాయి. ఇవాళ్టి ఆర్డినెన్స్ (టౌన్ చేసుకున్న స్థానిక చట్టం) అంతకన్నా ఎక్కువ ఖాళీ వదలమంటుంది. అయినా మీ గ్యారేజీ నిలబడి ఉందంటే, ఆ నిబంధన రాకముందే అది సక్రమంగా కట్టి ఉంది కాబట్టి. 1975లో వచ్చిన మునిసిపల్ లాండ్ యూజ్ చట్టం అలాంటి కట్టడాన్ని అలాగే కొనసాగించుకోనిస్తుంది. కొంత భాగం పాడైతే బాగు చేసుకోనిస్తుంది. పూర్తిగా పోయిందా, ఆ హక్కు కూడా దాంతోపాటే పోతుంది.

కాంట్రాక్టరు ‘చెక్క కుళ్లిపోయింది సార్, ఈ రెండు గోడలు తీసేసి మొదలుపెడదాం’ అంటే ఒప్పుకోకూడదన్నది అందుకే. శనివారం రెండు గోడలు తీస్తారు, ఆదివారానికి కప్పు నిలవదు, సోమవారం అక్కడ స్లాబు ఒక్కటే మిగులుతుంది. ఇక మీరు అడిగేది పాతదానికి పొడిగింపు కాదు, సరిహద్దు పక్కన సరికొత్త కట్టడం. బోర్డు దాన్ని చూసే కన్ను వేరుగా ఉంటుంది. అనుమతి కాగితం చేతికొచ్చేదాకా మేకు కూడా పీకనివ్వకండి.

పాత యజమాని పర్మిట్ లేకుండా కట్టుకున్న గ్యారేజీకి ఈ రక్షణ వర్తించదు. టౌన్ క్లర్కుకు ఓప్రా అర్జీ (ప్రభుత్వ రికార్డులు చూపమనే దరఖాస్తు) పెట్టి మీ ఇంటి పాత పర్మిట్ల ఫైలు, ట్యాక్స్ అసెసర్ దగ్గరున్న ప్రాపర్టీ కార్డు తెప్పించుకోండి. అందులో గ్యారేజీ ఏ కొలతలతో నమోదైందో చూశాకే మిగతా ఆలోచన.

మన దగ్గర అలవాటు వేరు. ముందు కట్టేద్దాం, ఎప్పుడో బీపీఎస్ వస్తుంది, అపరాధ రుసుం కట్టి క్రమబద్ధం చేయించుకుందాం అనుకుంటాం. తెలంగాణలో 2015లో వచ్చిన బీఆర్ఎస్ కూడా అదే బాపతు (పార్టీ కాదండీ, బిల్డింగుల స్కీము). ఇక్కడ అలాంటి స్కీము కోసం ఎదురు చూసే లెక్క కుదరదు. ఎవరో ఫిర్యాదు చేస్తారు, పని ఆపమని నోటీసు అంటిస్తారు, చివరికి అదే బోర్డు ముందుకు అదే దరఖాస్తుతో వెళ్లాలి. ‘కట్టేశాం కదా’ అనేది అక్కడ వాదనే కాదు. చేతులారా తెచ్చుకున్న ఇబ్బందిని బోర్డు ఇబ్బందిగా లెక్కపెట్టదు.

కొలతలు, కవరేజ్

కంచె సరిహద్దు కాదు. కొన్ని చోట్ల కంచె అడుగు లోపలికో బయటికో ఉంటుంది. ఇల్లు కొన్నప్పటి సర్వే తీసి, గ్యారేజీ మూల దగ్గర సన్నగా రాసిన అంకె చూడండి. 2.3 అని ఉంటే గోడకూ హద్దుకూ మధ్య రెండడుగుల చిల్లర అని అర్థం. బోర్డులో సగం చర్చ ఆ అంకె చుట్టే తిరుగుతుంది. సర్వే తర్వాత మీరు డెక్కో, షెడ్డో, సిమెంటు పేటియోనో వేసి ఉంటే అది పాతబడినట్టే. లైసెన్సున్న సర్వేయర్‌తో కొత్తది గీయించండి. వెనకవైపు డ్రైనేజీ ఈజ్‌మెంట్ (నీళ్లు పోయేందుకు వదిలి ఉంచాల్సిన పట్టీ) ఉందేమో అందులోనే తెలుస్తుంది. ఉంటే దాని మీదకు గ్యారేజీ జరపడం మర్చిపోండి.

తర్వాతది కవరేజ్ లెక్క, అంటే స్థలంలో ఎంత శాతం మీద కట్టడం ఉండవచ్చనేది. ఒక ఉదాహరణ వేసుకుందాం. స్థలం 50 బై 100, అంటే 5,000 చదరపు అడుగులు. మీ జోన్‌లో బిల్డింగ్ కవరేజ్ పరిమితి 30 శాతం అనుకుందాం, అంటే 1,500. ఇంటి అడుగు భాగం 1,200, గ్యారేజీ 20 బై 20, అంటే 400. మొత్తం 1,600. ఏమీ కట్టకముందే 32 శాతంతో గీత దాటేశారు. గ్యారేజీని 24 బై 30 చేస్తే 1,920, అంటే 38.4 శాతం. అదే 22 బై 24తో సరిపెట్టుకుంటే 1,728, అంటే 34.6 శాతం దగ్గర ఆగుతుంది. రెండు కార్లు అందులోనూ పడతాయి. నన్నడిగితే ఆ రెండో బొమ్మే పట్టుకెళ్లమంటాను. ఎంత తక్కువ అడిగితే అంత తక్కువ సంజాయిషీ. బేరానికి పెంచి అడిగి తగ్గుదామనే తెలివి ఇక్కడ పనికిరాదు. మార్చిన ప్రతి డ్రాయింగుకూ ఆర్కిటెక్టు ఫీజు, టౌన్ ఇంజనీరు పరిశీలన ఫీజు మళ్లీ మీ జేబులోంచే పోతాయి. దరఖాస్తు ఫీజు కాక ఎస్క్రో అని వేరే డబ్బు కట్టించుకునేది అందుకే. అది అయిపోతే ఇంకా కట్టమంటారు.

డ్రైవ్‌వే, పేటియో, నడిచే బాట కూడా కలిపి లెక్కేసే ఇంపర్వియస్ కవరేజ్ (నీరు ఇంకని నేల మొత్తం) పరిమితి వేరేగా ఉండవచ్చు. అది కూడా దాటుతుంటే పాత షెడ్డో, వాడని సిమెంటు నేలో తీసేస్తామని ముందే డ్రాయింగులో చూపించండి.

ఏ తలుపు తట్టాలి

ముందు జోనింగ్ ఆఫీసర్‌కు జోనింగ్ పర్మిట్ దరఖాస్తు పెట్టండి. నిబంధనలకు మించితే కాదంటారు, ఎందుకు కాదో రాసిస్తారు. ఆ కాగితమే మీకు ఆధారం. అందులో రాసిన ప్రతి అంశానికీ వేరియన్స్ (నిబంధన నుంచి మినహాయింపు) అడగాలి. ఒకటి వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ), కవరేజ్, విడి కట్టడం ఎత్తు లాంటివి మామూలుగా సి వేరియన్స్ కింద వస్తాయి. వచ్చిన సభ్యుల్లో మెజారిటీ చాలు. ఫ్లోర్ ఏరియా రేషియో (స్థలంతో పోలిస్తే అన్ని అంతస్తుల మొత్తం విస్తీర్ణం) దాటినా, ఆ జోన్‌లో ఒప్పని వాడకం పెట్టినా డి వేరియన్స్ అవుతుంది. దానికి ఏడుగురి బోర్డులో 5 ఓట్లు అనుకూలంగా పడాలి. కొన్ని టౌన్‌లలో గ్యారేజీ కూడా ఆ రేషియో లెక్కలోకి వస్తుంది, కొన్నింట్లో రాదు. ఆర్డినెన్స్‌లో ఆ ఒక్క నిర్వచనం తప్పకుండా చదవండి.

మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది వాడకం దగ్గరే. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఉంటారని గ్యారేజీ పైన గది, పక్కన షవరు, చిన్న సింకు గీయిస్తారు. అది గ్యారేజీ కాదు, ఒక కుటుంబం ఉండే చోట రెండో ఇల్లు. పులిహోర పోపు, వడల నూనె వాసన ఇంట్లోకి రాకూడదని గ్యారేజీలో రెండో పొయ్యి పెట్టుకోవడం మనకు మామూలే కానీ, డ్రాయింగులో గ్యాస్ లైను కనబడిందంటే బోర్డు సభ్యుడు కళ్లద్దాలు సవరించుకుంటాడు. చీరల అమ్మకం, కేటరింగ్ సామాను అంటే వ్యాపారం. అవి కావాలనుకుంటే ఉన్నదున్నట్టు అడగండి, దానికి తగ్గ లాయరును పెట్టుకోండి. వద్దనుకుంటే డ్రాయింగులో వాటి నీడ కూడా పడనివ్వకండి. ఇల్లు ఎల్‌ఎల్‌సీ (ఒక రకం కంపెనీ) పేరు మీద ఉంటే ఎలాగూ లాయరు లేకుండా హాజరయ్యే వీల్లేదు.

హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే దాని అనుమతి దానిదే. బోర్డు ఇచ్చింది కదా అంటే వాళ్లు వినరు. ప్రాపర్టీ ట్యాక్సు బకాయి లేకుండా చూసుకోండి.

200 అడుగుల నోటీసు

మంచి దరఖాస్తులు కూడా ఇక్కడ బోల్తా పడతాయి. మీ స్థలానికి నాలుగు వైపులా 200 అడుగుల లోపు ఆస్తి ఉన్న ప్రతి యజమానికీ హియరింగ్‌కు కనీసం 10 రోజుల ముందు నోటీసు అందించాలి, స్వయంగా గానీ సర్టిఫైడ్ మెయిల్‌లో గానీ. చట్టప్రకారం ప్రకటనలు వచ్చే చోట ప్రకటన కూడా వేయాలి. తేదీ, సమయం, చోటు, అడ్రసు లేదా బ్లాక్, లాట్ నంబర్లు, ఏమేం వేరియన్స్‌లు అడుగుతున్నారు, ప్లాన్లు ఎక్కడ ఎప్పుడు చూడవచ్చు, ఇవన్నీ అందులో ఉండాలి.

యజమానుల జాబితా మీరే తయారు చేసుకోకండి. టౌన్‌ను అడిగితే 7 రోజుల్లో ఇవ్వాలి. పేరుకు 25 సెంట్లో మొత్తం 10 డాలర్లో, ఏది ఎక్కువైతే అది కడితే సరి. వాళ్లిచ్చిన జాబితా ప్రకారం పంపితే, అందులో ఒక పేరు తప్పిపోయినా నెపం మీ మీద పడదు. ఇంట్లో అద్దెకున్నవాళ్లకు కాదు, యజమానికి పంపాలి. 200 అడుగుల లోపు పక్క టౌన్ హద్దు వస్తే ఆ టౌన్ క్లర్కుకు, మీ స్థలం కౌంటీ రోడ్డు మీద ఉంటే కౌంటీ ప్లానింగ్ బోర్డుకు కూడా వెళ్లాలి. పోస్టాఫీసు ముద్ర వేసిచ్చిన తెల్ల చీటీలన్నీ దాచండి, ప్రమాణ పత్రంతో కలిపి దాఖలు చేయాలి. నోటీసులో లోపముంటే బోర్డుకు ఆ కేసు వినే అధికారమే ఉండదు. అనుమతి వచ్చాక కూడా దాన్ని పట్టుకుని పొరుగువాడు కోర్టుకెళ్లవచ్చు. సరిగ్గా పదో రోజు దాకా ఆగకుండా రెండు వారాల ముందే పంపేయండి.

సర్టిఫైడ్ కవరు చూస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. అది వెళ్లకముందే కనీసం ఇరువైపులవాళ్లకూ వెనకింటివాళ్లకూ డ్రాయింగు చూపించి రండి. దీపావళికి ఇచ్చిన స్వీట్ల డబ్బా ఈ పనికి చాలదు. వాళ్లు అడిగేది ఒక్కటే ఉంటుంది: ‘మీ కప్పు మీద నీళ్లు మా పెరట్లోకొస్తాయా?’ గట్టర్లు ఎటు దింపుతున్నారో వేలుపెట్టి చూపించండి. ‘మాకు అభ్యంతరం లేదు’ అని సంతకాలు తెచ్చినా చాలా బోర్డులు తీసుకోవు, సంతకాన్ని ఎదురు ప్రశ్న అడగలేరు కదా. ఒక్క పొరుగాయన వచ్చి మైకు ముందు రెండు ముక్కలు చెబితే పది సంతకాలకన్నా మేలు.

హియరింగ్ రాత్రి

వెళ్లగానే ఎంతమంది సభ్యులు వచ్చారో లెక్కపెట్టండి. మీది డి వేరియన్స్ అయి, ఐదుగురే కూర్చుని ఉంటే ఒక్కరు కాదన్నా పోయినట్టే. వాయిదా అడగడంలో తప్పులేదు. కొత్త తేదీని అక్కడే, ఆ సభలోనే ప్రకటించమనండి. లేకపోతే నోటీసుల తంతు మళ్లీ మొదలు. ఈలోగా బోర్డు సభ్యుడు గుడిలోనో కమ్యూనిటీ పార్టీలోనో కనిపించినా ఈ విషయం ఎత్తకండి.

ప్రమాణం చేయించాక ఏం చెబుతారన్నదే అసలు పరీక్ష. మనవాళ్లు లేచి ‘మాకు రెండు కార్లు, పిల్లల సైకిళ్లు, ఇండియా నుంచి సూట్‌కేసులు’ అని మొదలుపెడతారు. చట్టం అడిగే ఇబ్బంది మీది కాదు, మీ నేలది. స్థలం ఇరుకా? లోతు తక్కువా? ఆకారం వంకరా? వాలుగా ఉందా? ఇల్లు ఉన్న చోటును బట్టి గ్యారేజీ ఇంకెక్కడా పట్టదా? నార్త్ కాల్డ్‌వెల్‌లో ఇరుకు స్థలంలో ఈతకొలను కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు 1999లో తేల్చింది కూడా ఇదే, కష్టాన్ని చూడాల్సింది ఆస్తి పరంగా, యజమాని సొంత అవసరం పరంగా కాదు. కాబట్టి ‘మా స్థలం వెడల్పు 50 అడుగులు, జోన్ కోరేది ఇంత, గ్యారేజీని లోపలికి జరిపితే కారు తిరగదు’ అని సర్వే చూపిస్తూ చెప్పండి.

ఇంకో దారి ఉంది. ఈ మార్పు వల్ల చుట్టుపక్కలకు జరిగే మేలు నష్టాన్ని మించుతుందని చూపించడం. రోడ్డు మీద కారు తగ్గుతుంది, షెడ్డు పోతుంది, కొత్త గోడ పాతదానికన్నా హద్దుకు దూరంగా వస్తుంది, నీళ్లు డ్రైవెల్‌లోకి (నీరు ఇంకే గుంటలోకి) వెళతాయి. ఏ దారిలో వెళ్లినా పొరుగుకూ టౌన్ ప్లానుకూ చెప్పుకోదగ్గ హాని లేదని తేల్చాలి. ఫోటోలు మీరే తీసి, తేదీ రాసి, కాపీలు తీసుకెళ్లండి. వాటికి ఎ-1, ఎ-2 అని నంబర్లు వేసి రికార్డులో పెడతారు.

ప్రశ్నలు పొట్టిగా వస్తాయి. పైన మెట్లా, మడత నిచ్చెనా? నీళ్ల పైపు ఉందా? హీటింగ్? ‘ప్రస్తుతానికి స్టోరేజీ అండీ, తర్వాత చూద్దాం’ అనే జవాబు ఒక్కటి చాలు, కేసు చెడటానికి. ఎవరూ నివసించరు, వ్యాపారం చేయరు అనే షరతు పెడతామంటే వెంటనే ఒప్పుకోండి.

అనుమతి వచ్చిన తర్వాత

ఆ రాత్రి ఓటు పడితే పని మొదలుపెట్టవచ్చని కాదు. తీర్మానాన్ని రాసి, మరో సమావేశంలో ఆమోదిస్తారు, నిర్ణయం ప్రకటన వేస్తారు. ఆ ప్రకటన నుంచి 45 రోజుల లోపు ఎవరైనా సుపీరియర్ కోర్టుకు వెళ్లవచ్చు. ఈలోగా పునాది తవ్వితే ఆ నష్టభయం మీదే. ప్రకటన నిజంగా పడిందో లేదో మీరే అడిగి కాపీ తెచ్చుకోండి, గడువు లెక్క దానితోనే మొదలవుతుంది.

కన్‌స్ట్రక్షన్ పర్మిట్ వేరే. సరిహద్దుకు మరీ దగ్గరగా ఉండే గోడకు మంట తట్టుకునే కట్టుబడి కావాలా అని ఆర్కిటెక్టును ముందే అడగండి. తవ్వే ముందు 811కు (భూమిలోని పైపులు, తీగలు గుర్తు పెట్టించే నంబరుకు) ఫోన్ చేయడం తప్పనిసరి. కాంట్రాక్టరుకు రాష్ట్ర రిజిస్ట్రేషన్ ఉండాలి, 500 డాలర్లు దాటిన పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అందులో ‘జోనింగ్, బిల్డింగ్ అనుమతులు రాకపోతే అడ్వాన్సు వాపసు’ అనే వాక్యం మీరే రాయించుకోండి, ఆయనంతట ఆయన రాయడు.

వేరియన్స్‌ను ఎంత కాలంలో వాడుకోవాలో టౌన్ ఆర్డినెన్స్‌లోనో తీర్మానంలోనో ఉంటుంది. ఇండియా ప్రయాణం, చలికాలం కలిసొస్తే ఆ గడువు ఇట్టే దాటిపోతుంది. పని ముగిశాక ఫైనల్ ఇన్‌స్పెక్షన్ చేయించి సర్టిఫికెట్ తీసుకోండి. ఆ తర్వాత అసెసర్ దగ్గర్నుంచి అదనపు ట్యాక్సు బిల్లు వస్తుంది, బడ్జెట్‌లో దానికీ చోటుంచండి. తీర్మానం, సర్టిఫికెట్, కొత్త సర్వే ఇల్లు కొన్నప్పటి కాగితాల ఫైల్లోనే పెట్టండి. రేపు అమ్మేటప్పుడు కొనేవాళ్ల లాయరు మొదట అడిగేవి ఇవే.