కొత్త పార్టీలో నిర్ణయాలు ఎవరు చేయాలి? నిబంధనావళి రాసేటప్పుడు తేల్చుకోవలసిన విషయాలు

కొత్త రాజకీయ పార్టీ పెట్టేవారు పేరు, జెండా, గుర్తు, సిద్ధాంత పత్రం గురించి ఎంతో చర్చిస్తారు గాని, పార్టీ లోపల నిర్ణయాలు ఎలా జరగాలన్న విషయాన్ని మాత్రం గెలిచాక చూసుకోవచ్చులే అని పక్కన పెడతారు. గెలిచిన తరవాత పదవులు, టికెట్లు, నిధులు చేతికి వస్తాయి కాబట్టి, అప్పుడు రాసే ప్రతి నిబంధన వల్లా ఎవరికి లాభమో ఎవరికి నష్టమో ముందే తెలిసిపోతుంది. ఎవరు ఏ వర్గంలో తేలుతారో ఇంకా తెలియని తొలి నెలల్లోనే అందరికీ సమానంగా వర్తించే నిబంధనలు రాసుకోవడం సాధ్యమవుతుంది. వ్యవస్థాపకులు కూడా ఆ నిబంధనలకు కట్టుబడి ఉండాలి. నెదర్లాండ్స్‌లో ఖేర్ట్ విల్డర్స్ 2006లో స్థాపించిన పార్టీలో ఏళ్ల తరబడి ఆయన తప్ప మరో వ్యక్తికి సభ్యత్వం లేదు. అయినా 2023 ఎన్నికల్లో ఆ పార్టీకే అందరికంటే ఎక్కువ స్థానాలు వచ్చాయి. అంతర్గత ప్రజాస్వామ్యం లేకుండా ఎన్నికలు గెలవడం కుదురుతుందని దీన్నిబట్టి తెలుస్తోంది. కనుక దాన్ని గెలుపు కోసం కాక, సభ్యులకు పార్టీ మీద హక్కు ఉండాలన్న నమ్మకంతోనే నిర్మించుకోవాలి.

ఆ హక్కు నిలబడాలంటే ప్రతి సభ్యునికీ ఓటు ఉంటుందని రాసినంత మాత్రాన చాలదు. ఓటర్ల జాబితా ఎవరి చేతిలో ఉంది, ఓటుకు పెట్టే ప్రశ్నను ఎవరు రాస్తారు, తగవు వస్తే ఎవరు తీరుస్తారు అన్న మూడు విషయాలు ఒకే వ్యక్తి లేదా ఒకే బృందం అధీనంలో ఉంటే, ఎన్ని ఎన్నికలు జరిపినా ఫలితం వారు కోరుకున్నట్టే వస్తుంది.

మొదట సభ్యత్వ జాబితా సంగతి చూడాలి. 2016 జూలైలో బ్రిటన్ లేబర్ పార్టీలో నాయకత్వ పోటీ మొదలైన సమయంలో, ఆ ఏడాది జనవరి 12 తరవాత చేరిన సభ్యులకు ఓటు ఉండదని జాతీయ కార్యవర్గం నిర్ణయించింది. లక్షకు పైగా కొత్త సభ్యులు దానివల్ల ఓటు కోల్పోయారు. కొందరు న్యాయస్థానానికి వెళ్లగా, కింది కోర్టు వారి పక్షాన ఇచ్చిన తీర్పును పై కోర్టు కొట్టివేసింది. పోటీ మొదలయ్యాక గడువు నిర్ణయించే వీలు కార్యవర్గానికి ఉండటమే ఇక్కడి అసలు సమస్య. కాబట్టి నిబంధనావళిలో ఇలా స్పష్టంగా రాసుకోవడం మేలు: “ఎన్నికల ప్రకటన వెలువడిన తేదీకి కనీసం 90 రోజుల ముందు సభ్యత్వం పొంది, రుసుము బకాయి లేని ప్రతి సభ్యునికీ ఓటు ఉంటుంది. ఈ గడువును కార్యవర్గం మార్చరాదు.” ఆ 90 రోజులు 60 అయినా ఫరవాలేదు, రెండో వాక్యాన్ని మాత్రం వదలకూడదు.

జాబితా ఎక్కడ ఉండాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఇటలీలో ఫైవ్ స్టార్ ఉద్యమం అనే పార్టీ తన సభ్యుల ఓటింగును ‘రూసో’ అనే ఆన్‌లైన్ వేదిక మీద జరిపేది. దాన్ని నడిపింది పార్టీ కాదు, విడిగా ఉన్న ఒక సంఘం. 2021లో ఆ రెండింటికీ బకాయిల విషయంలో తగవు వచ్చినప్పుడు, తన సొంత సభ్యుల జాబితా కోసం పార్టీ అధికార సంస్థలను ఆశ్రయించవలసి వచ్చింది. చివరికి వ్యక్తిగత సమాచార రక్షణ సంస్థ ఆదేశించాకనే జాబితా చేతికి వచ్చింది. ఆన్‌లైన్ ఓటింగు వాడదలచినవారు సమాచారం పార్టీ పేరిటే ఉండేలా, దాని తాజా ప్రతి కార్యవర్గంతో సంబంధం లేని పార్టీ ఎన్నికల అధికారి దగ్గర కూడా ఉండేలా ఒప్పందం రాసుకోవాలి.

తరవాతిది ప్రశ్న రాసే అధికారం. 2018లో జర్మనీ సోషల్ డెమొక్రాట్లు సంకీర్ణ ప్రభుత్వంలో చేరాలా వద్దా అన్నది తమ సభ్యులందరి ఓటుకు పెట్టగా, ఓటు వేసినవారిలో 66 శాతం మంది అంగీకరించారు. గౌరవించదగిన పద్ధతే. అయితే నాయకులు చర్చలు ముగించి ఒప్పందాన్ని ముందు పెట్టాక సభ్యులకు మిగిలింది అవుననడమో కాదనడమో మాత్రమే; అందులోని ఏ ఒక్క అంశాన్నీ మార్చమని అడిగే వీలు ఉండదు. అందువల్ల మహాసభకు తీర్మానం ప్రతిపాదించే హక్కు, సవరణ కోరే హక్కు, ప్రత్యేక సమావేశం పిలిపించే హక్కు కార్యవర్గానికే కాక నిర్ణీత సంఖ్యలో సభ్యులకు కూడా ఇవ్వాలి. పది శాతం మంది సంతకాలు పెడితే 45 రోజుల లోపు సమావేశం జరిపి తీరాలని, అధ్యక్షుడు పిలవకపోతే ఎన్నికల అధికారి పిలవాలని రాసుకోవచ్చు. ఆ చివరి ముక్క లేకపోతే సంతకాల కాగితం బీరువాలోనే ఉండిపోతుంది.

ఏ నిర్ణయం ఏ స్థాయిలో జరగాలో చెప్పడం సులువే. విధానపత్రం, నిబంధనావళి సవరణ, ఇతర పార్టీలతో పొత్తు లేదా విలీనం మహాసభకు. రోజువారీ వ్యవహారాలు కార్యవర్గానికి. అభ్యర్థుల ఎంపిక వీలైనంత వరకు ఆ నియోజకవర్గ సభ్యులకు అప్పగించాలి. అభ్యర్థిని తిరస్కరించే అధికారం పై కమిటీకి ఉండాలనుకుంటే కారణాలు లిఖితపూర్వకంగా చెప్పాలని, తిరస్కరించాక మరొకరిని తానే నియమించకుండా ఎంపికను మళ్లీ సభ్యులకే పంపాలని రాయాలి. అత్యవసర నిర్ణయాలు కార్యవర్గం తీసుకోవచ్చు గాని, 30 రోజుల్లో మహాసభ ధ్రువీకరించకపోతే అవి రద్దవ్వాలి.

ఎన్నిక ఏ పద్ధతిలో జరపాలన్న విషయాన్ని చాలామంది సాంకేతిక వివరంగా భావించి వదిలేస్తారు. నూరుగురు ప్రతినిధులు ఏడుగురు సభ్యుల కార్యవర్గాన్ని ఎన్నుకోవాలనుకుందాం. వారిలో 55 మంది ఒక వర్గం, 45 మంది మరో వర్గం. ఒక్కొక్కరు ఏడేసి ఓట్లు వేసే పద్ధతి పెడితే, 55 మంది కూడబలుక్కుంటే చాలు, ఏడు స్థానాలూ వారివే. 45 మందికి ఒక్కటీ దక్కదు. అలా కాక ఒక్కొక్కరికి ఒకే ఓటు ఇచ్చి, అభ్యర్థులను ప్రాధాన్యక్రమంలో అంకెలతో గుర్తించమని చెప్పి, గెలుపుకు కావలసినదానికంటే ఎక్కువగా వచ్చిన మిగులు ఓట్లను తరవాతి ప్రాధాన్యానికి బదిలీ చేస్తే లెక్క మారుతుంది. నూటిని స్థానాల సంఖ్యకు ఒకటి కలిపిన ఎనిమిదితో భాగించి, వచ్చిన పూర్ణసంఖ్యకు ఒకటి చేర్చితే గెలుపుకు కావలసిన కోటా 13 అవుతుంది. ఎవరి ఓట్లు వారి వర్గంలోనే బదిలీ అయితే పెద్ద వర్గానికి నాలుగు స్థానాలు, చిన్న వర్గానికి మూడు వస్తాయి. ఓడిన వర్గం పార్టీని చీల్చకుండా లోపలే ఉండి పని చేయడానికి ఆ మూడు స్థానాలే కారణం కావచ్చు.

ఓటు రహస్యంగా ఉండాలి. చేతులెత్తించి జరిపే ఎన్నికలో నాయకుడి ముందు చెయ్యి ఎత్తకుండా కూర్చోగలిగేవారు తక్కువ. ఏకగ్రీవ ఎన్నికను గొప్పగా చెప్పుకునే అలవాటును కూడా మొదటినుంచీ మానుకోవడం మంచిది, ఎందుకంటే పోటీదారును నామినేషన్ వెనక్కి తీసుకోమని ఒత్తిడి చేయడం ఆ పేరు మీదే జరుగుతుంది. భిన్నాభిప్రాయం చెప్పినవారి మాటలను మినిట్స్‌లో నమోదు చేయడం తప్పనిసరి చేయాలి.

మూడో విషయమైన తగవుల పరిష్కారానికి జర్మనీ పార్టీల చట్టం మంచి నమూనా. 1967లో వచ్చిన ఆ చట్టం ప్రకారం పార్టీలో ప్రత్యేక మధ్యవర్తిత్వ మండళ్లు ఉండాలి. వాటి సభ్యులు కార్యవర్గంలో ఉండరాదు, పార్టీ ఉద్యోగులు కారాదు, పార్టీ నుంచి క్రమంగా ఆదాయం పొందరాదు. సభ్యుని బహిష్కరించే నిర్ణయం ఆ మండలిదే. అది కూడా ఆ సభ్యుడు నిబంధనలను ఉద్దేశపూర్వకంగా గాని, పార్టీ సూత్రాలను, క్రమశిక్షణను తీవ్రంగా గాని ఉల్లంఘించి, పార్టీకి గట్టి నష్టం కలిగించినప్పుడే. కొత్త పార్టీ కనీసం ఇంతవరకైనా రాసుకోవాలి: షోకాజ్ నోటీసులో ఆరోపణ స్పష్టంగా ఉండాలి, జవాబుకు తగిన గడువు ఇవ్వాలి, ఆరోపించినవారు తీర్పు చెప్పేవారిలో ఉండరాదు, నాయకత్వాన్ని విమర్శించడం మాత్రమే క్రమశిక్షణారాహిత్యం కాదు.

ఇక మిగిలింది తాత్కాలిక కమిటీ. ప్రతి కొత్త పార్టీ ఒక తాత్కాలిక కమిటీతోనే మొదలవుతుంది, చాలావాటిలో అదే ఏళ్ల తరబడి కొనసాగుతుంది. దాని గడువును 12 నెలలుగానో 18 నెలలుగానో నిబంధనావళిలోనే రాసి, గడువు నాటికి సంస్థాగత ఎన్నికలు జరగకపోతే కమిటీ దానంతటదే రద్దయి, ఎన్నికలు జరిపే అధికారం మధ్యవర్తిత్వ మండలికి చేరేలా చూడాలి. ఈ నిబంధనను సవరించాలంటే మహాసభలో మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలని, తాత్కాలిక కమిటీకి సవరించే అధికారం లేదని కూడా పక్కనే చేర్చాలి.